గాజు తొట్టిలో సముద్రము

సముద్రతీరమున కాపురముండు వారికి సముద్రమును ఇంటికి తెచ్చుకొనవలెనను కోరిక ఏల కలుగునో చెప్పుట కష్టము. మేము విశాఖపట్టణ నివాసులము. మేడ ఎక్కినచో కడలి కనబడును. రాత్రివేళ దాని ఘోష వినబడును. అయినను కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంటి వసారాలో ఒక గాజు తొట్టి వెలసినది. అందులో ఉప్పునీరు నింపి రెండు చిన్న చేపలను విడిచితిమి. బొటనవ్రేలంత పొడవు, పండిన నారింజ వంటి రంగు, దేహమునకు అడ్డముగా మూడు తెల్లని పట్టెలు, ఆ పట్టెల అంచున సన్నని నల్లని గీత. ఆంగ్లేయులు ఈ జాతిని క్లౌన్‌ఫిష్ అందురు. నాటకములలోని విదూషకుని వేషమును తలపించును గనుక మనము విదూషక మత్స్యమని పిలువవచ్చును.

తొట్టిలోని నీరు అద్దమువలె నిర్మలముగా ఉండెను. ఇసుకను, వడపోత పెట్టెలోని స్పంజిని కుళాయి నీటితో పలుమార్లు కడిగితిమి. పిల్లలు బడినుండి రాగానే పుస్తకముల సంచి దింపకయే తొట్టి ముందు చేరెడివారు. ఆరవనాడు చేపలు మేత మానినవి. తొమ్మిదవనాటి ఉదయమునకు రెండును అడుగున పడియుండెను. మా చిన్నమ్మాయి ఆ తొట్టిని చాలసేపు చూచి, "నీళ్ళింత తేటగా ఉన్నాయి గదా నాన్నా, మరెందుకు చచ్చిపోయాయి?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు నాడు మావద్ద సమాధానము లేకపోయెను. వెదకుచు పోగా తెలిసినదేమనగా, ఈ ప్రశ్న మా అమ్మాయి కంటె ముందు అనేకులు వేసినదే. సముద్రజీవిని గదిలో బ్రదికించుట ఎట్లు అను విషయమై దాదాపు రెండు శతాబ్దములుగా వనితలు, వైద్యులు, రసాయనవేత్తలు, అంగడివారు తలపోసిరి. వారి వైఫల్యములు పెక్కు. ఆ వైఫల్యములనుండి వారు నేర్చినదేమో చెప్పుటయే మా నేటి ఉద్దేశము.

కథ సిసిలీ ద్వీపమున మెస్సీనా రేవులో మొదలగుచున్నది. అచట ఝాన్ విల్‌ప్రె పవర్ అను ఫ్రెంచి వనిత నివసించుచుండెను. ఆమె 1794లో జన్మించినది. పారిసు నగరమున దుస్తులు కుట్టి జీవనము సాగించినది. 1818లో ఒక వర్తకుని వివాహమాడి మెస్సీనాలో స్థిరపడినది. అచటి జాలరుల వలలలో ఆర్గోనాట్ అను జీవి పడుచుండెడిది. అది అష్టపాదికి చుట్టము; కాగితమంత పలుచని తెల్లని గుల్లలో నివసించును. ఆ గుల్లను అది తానే కట్టుకొనునా, లేక మరియొక జీవి గుల్లను దొంగిలించి అందులో చేరునా అను వివాదము పండితులలో చిరకాలముగా ఉండెను. చచ్చిన జీవిని కోసి చూచిన ఈ తగవు తీరదు. బ్రదికియున్న దానిని దినదినము చూడవలెను. అందులకై 1832లో ఆమె గాజు తొట్టెలు చేయించి, సముద్రజలము నింపి, ఆర్గోనాట్లను పెంచినది. గుల్లను కొంచెము విరిచి చూడగా, ఆ జీవి తానే దానిని మరమ్మతు చేసికొనెను. తగవు తీరినది. ఒక కుట్టుపనివనిత శాస్త్రప్రపంచమునకు గాజు తొట్టిని కానుకగా ఇచ్చినది.

అయితే ఆమె ఇంటి ముంగిటనే సముద్రమున్నది; నీరు చెడినచో మార్చుట సులభము. సముద్రమునకు దూరముగా ఉన్నవారి గతియేమి?

స్కాట్లండు దేశమున సర్ జాన్ గ్రాహం డాల్యెల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1828లో ఒడ్డు రాళ్ళనుండి ఒక సీ అనిమోన్‌ను తెచ్చి ఎడింబరోలోని తన ఇంట గాజు పాత్రలో ఉంచెను. సీ అనిమోన్ అనగా సముద్రపుష్పము. చూపునకు పూవు, నిజమునకు జంతువు. రేకులవలె కనబడు దాని చేతులలో విషపు ముళ్ళుండును. మన విదూషక మత్స్యము సముద్రములో నివాసమేర్పరచుకొనునది ఈ కుటుంబపు జీవుల చేతుల నడుమనే. కావున ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. డాల్యెల్ గారి పద్ధతి ఒక్కటే: నీరు చెడకముందే క్రొత్త సముద్రజలమును తెప్పించి మార్చుట. ఆయన 1851లో గతించెను. ఆ జీవి మాత్రము బ్రదికియే ఉండెను. ఒకరి తరువాత ఒకరు దానిని పోషించిరి. జనులు దానికి అవ్వ అని ముద్దుపేరు పెట్టిరి. 1887లో అది మరణించునాటికి మనుష్యుల సంరక్షణలో 59 సంవత్సరములు గడపియుండెను. సముద్రజీవిని ఇంటికి తెచ్చువాడు, అది తనకంటె ఎక్కువకాలము బ్రదుకవచ్చునని తలపనైన తలపడు.

నీరు మార్చకయే జీవిని నిలుపవచ్చునా అను ప్రశ్నకు మొదటి సమాధానము లండను నగరమున దొరికినది. అన్నా థిన్ అను వనిత వెస్ట్‌మినిస్టర్ దేవాలయపు ఉపాధికారి భార్య. ఆమె 1846లో టార్కీ తీరమున పగడపు జాతి జీవులను చూచి ముచ్చటపడి, కొన్నింటిని కూజాలో పెట్టుకొని లండను చేరినది. తెచ్చిన సముద్రజలము కొద్ది. అది త్వరలోనే చెడునని ఆమె ఎరుగును. నీటికి గాలి కావలెనని ఊహించి, ఆ నీటిని తెరచిన కిటికీ ముందు ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ధారగా పోయించినది. మన ఇండ్లలో వేడి పాలను ఆర్చుటకు గ్లాసునుండి గ్లాసునకు తిరుగబోయుదుము. సరిగా అదే పని. దినమునకు అరగంటకు తక్కువగాక, ఒక్కొక్కనాడు ముప్పావుగంట ఈ సేవ జరుగుచుండెను. చేసినది ఇంటి పనిమనిషి. నేడు తొట్టిలో బుడబుడమని గాలిబుడగలు పంపు విద్యుద్యంత్రము ఏ పనిని చేయుచున్నదో, ఆనాడు ఆ పనిని ఆమె చేతులు చేసినవి. గాజు తొట్టి చరిత్ర వ్రాయువారు దొరసానిని తలతురు. మేము ఆ పనిమనిషిని కూడ తలచుకొనుచున్నాము.

మరుసటి సంవత్సరము థిన్ గారు నీటిలో సముద్రపు నాచును చేర్చినారు. సూర్యకాంతిలో మొక్క ప్రాణవాయువును విడుచును. జంతువు దానిని పీల్చును. ఆ పగడపు జీవులు బ్రదుకుటయేగాక సంతానమును కూడ పొందినవి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనవేత్త మంచినీటి తొట్టిలో బంగారు చేపలను, నీటిమొక్కను, నత్తలను కలిపి ఉంచి ఇదే సూత్రమును శాస్త్రీయముగా నిరూపించెను. కుళ్ళిన ఆకులను నత్తలు తినకున్నచో నీరు చెడుచున్నదని ఆయన గమనించుట ముఖ్యము. తొట్టిలో చేపకు ఎంత స్థానమున్నదో, పాకీపని చేయు ప్రాణికిని అంత స్థానమున్నదని తేలినది.

అటుపిమ్మట ఇంగ్లండు దేశమంతట ఒక వెఱ్ఱి చెలరేగెను. గాజుపై పన్ను 1845లో రద్దయినది; అద్దములు చౌకయైనవి. రైలుబండ్లు పట్టణవాసులను సముద్రతీరమునకు కొనిపోవుచుండెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరవబడినది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు రంగుబొమ్మలతో 'అక్వేరియం' అను గ్రంథమును ప్రకటించెను. ఆ మాట లోకమున స్థిరపడినది ఆ గ్రంథముతోనే. సముద్రమునకు దూరమున ఉన్నవారికై లవణములను పాళ్ళ ప్రకారము కలిపి కృత్రిమ సముద్రజలమును చేయు విధమును కూడ ఆయన తెలిపెను.

ఇచట ఒక మాట. సముద్రజలమనగా వంటింటి ఉప్పు కలిపిన నీరు కాదు. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును. అందులో అధికభాగము మనమెరిగిన ఉప్పే. కాని మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలైనవి తమతమ పాళ్ళలో లేనిచో సముద్రజీవి నిలువదు. తొట్టి నీరు దినదినము ఆవిరియగును. ఉప్పు మాత్రము ఆవిరి కాదు. చారు మరుగుకొలది ఉప్పెక్కునని ప్రతి గృహిణియు ఎరుగును. కావున తరిగిన నీటికి బదులు పోయవలసినది ఉప్పునీరు కాదు, మంచినీరు. ఈ చిన్న సంగతి తెలియక చేపలను పోగొట్టుకొన్నవారు కొల్లలు.

ఇంగ్లండులోని వెఱ్ఱి పదేండ్లకు మించి నిలువలేదు. కారణము సులభము: ఇంటింట తొట్టెలు దుర్గంధమయమైనవి. గాలియున్నది, నాచున్నది, లవణమున్నది. అయినను నీరు విషమగుచుండెను. చచ్చిన జీవులకు బదులు క్రొత్తవానిని తెచ్చుటకు జనులు తీరములపై పడిరి. రాళ్ళ నడుమ గుంటలలో యుగములుగా పెరిగిన సముద్రపుష్పములను, పగడములను ఉలులతో చెక్కి బుట్టలలో నింపుకొనిపోయిరి. గాస్ గారి కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన స్వీయచరిత్రలో ఆ గుంటలు శూన్యమైన తీరును తలచి దుఃఖించెను. తండ్రి సముద్రమును ప్రేమించెను; ఆ ప్రేమను పుస్తకముగా వ్రాసి లోకమునకు పంచెను. ఆ పంపకమే ఆ తీరములకు చేటు తెచ్చినది. ఈ రంగమున మంచివాని చేతనే కీడు జరుగుట ఇది మొదటిసారి, కడపటిసారి కాదు.

నీటి రహస్యమునకు చేరువగా వచ్చినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ఆయన లండనులో సముద్రజలమును, సముద్రజీవులను విక్రయించు వర్తకుడు. తరువాత 1864లో హాంబర్గు, 1871లో లండనులోని క్రిస్టల్ పాలెస్ అను చోట్ల నెలకొన్న ప్రదర్శనశాలల నిర్మాణమున ప్రధానపాత్ర వహించెను. ఆయన చూపరులు చూచు తొట్టెలకంటె పెద్దదియగు ఒక జలాశయమును భూమి క్రింద చీకటిలో కట్టించి, యంత్రములతో నీటిని పైకి, క్రిందికి నిరంతరము త్రిప్పించెను. నీరు ఏండ్లతరబడి చెడకుండెను. సముద్రజలము పాతబడినకొలది బాగుపడునని ఆయన గ్రహించెను. ఏల బాగుపడునో ఆ కాలమునకు తెలియదు.

సమాధానము సముద్రమునుండి గాక మురుగునీటినుండి వచ్చుట వింత. 1877లో ష్లేసింగ్, మ్యూంట్స్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మురుగునీటిని ఇసుక గొట్టముగుండ మెల్లగా దింపిరి. కొన్నినాళ్ళు ఏమియు జరుగలేదు. తరువాత నీటిలోని అమోనియా క్రమముగా నైట్రేటుగా మారసాగెను. క్లోరోఫాం ఆవిరి సోకించగానే ఆ మార్పు నిలిచిపోయెను. కనుక ఇది జడమైన ఇసుక చేయు పని కాదు, ఇసుకను అంటియున్న ప్రాణులు చేయు పని అని తేలినది. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను రష్యను శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదియే. చేప విసర్జించునది ముఖ్యముగా అమోనియా. అది రంగులేని విషము. నీటి తేటదనమును చెరుపదు. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. నైట్రైటును విషమే. మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. ఈ నైట్రేటు మునుపటివానివలె తీక్ష్ణమైనది కాదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చిన చాలును. ఈ సూక్ష్మజీవులు ఇసుకపైన, రాతిపైన, స్పంజిపైన కాపురముండును. క్రొత్త తొట్టిలో అవి తగినంత పెరుగుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మేము వానికి వారమైన గడువీయలేదు. పైపెచ్చు, క్లోరిను కలిసిన కుళాయి నీటితో స్పంజిని కడిగి కడిగి, మొలకెత్తబోవు వానిని కూడ చంపితిమి. మా శుభ్రతయే ఆ చేపల పాలిటి మృత్యువైనది.

ఇక విదూషక మత్స్యము కథ. ఇది శీతలదేశపు చేప కాదు. పసిఫిక్, హిందూ మహాసముద్రములలోని వెచ్చని పగడపు తావులు దీని నివాసము. ఈ కుటుంబమున సుమారు 30 జాతులున్నవి. మేము వర్ణించిన జాతి ఇండోనేషియా, ఫిలిప్పీన్సు జలములలోనేగాక మన అండమాను దీవుల చెంతను ఉన్నది. 1868లో కాలింగ్‌వుడ్ అను ఆంగ్ల వైద్యుడు, చైనా సముద్రమున మహాకాయమగు సీ అనిమోన్‌ల లోపల చేపలు నివసించుటను చూచి లోకమునకు తెలిపెను. ఇతరమగు చిన్న చేపలు తగిలినచో చచ్చు ఆ విషపు చేతుల నడుమ ఇవి ఎట్లు బ్రదుకుచున్నవి? 1930లో వెర్వై అను డచ్చి శాస్త్రజ్ఞుడు, నేటి జకార్తాయగు బటావియా అఖాతమున ఈ చేపల కాపురమును, గ్రుడ్లు పెట్టు తీరును వివరముగా వ్రాసెను. 1958లో అమెరికాలో డావెన్‌పోర్ట్, నారిస్ అనువారు ఈ చేప ఒంటిమీది జిగురుపొర దానికి కవచమగుచున్నదని పరీక్షలద్వారా చూపిరి. క్రొత్త అనిమోన్ చెంత చేరునపుడు చేప ఒక్కమారుగా అందులోనికి దూకదు. తోకతోనో రెక్కతోనో మెల్లమెల్లగా తాకి, వెనుకకు తగ్గి, మరల తాకి అలవాటుపడును.

అంతకంటె ఆశ్చర్యకరమైన విషయము 1977లో వెలువడినది. ఫ్రిక్ దంపతులు ఎర్ర సముద్రము మొదలైన చోట్ల పరిశీలించి తెలిపినదేమనగా, ఒక్కొక్క అనిమోన్‌లో ఉండు చేపల గుంపునకు పెద్ద ఆడుది, దాని తరువాతిది మగది, తక్కినవి పిల్లచేపలు. ఆడుది మరణించినచో మగది కొన్నినాళ్ళకు ఆడుదిగా మారును. పిల్లలలో పెద్దది మగదగును. ఇల్లాలు లేని ఇల్లు ఉండరాదని ప్రకృతియే ఏర్పాటు చేసినట్లున్నది.

ఇట్టి చేప దూరదేశపు ఇండ్లలోనికి ఎట్లు వచ్చినది? ఇరువదవ శతాబ్దపు నడుమ నాలుగు సదుపాయములు కలిసివచ్చినవి. పాలిథిన్ సంచిలో నీటిని, ప్రాణవాయువును నింపి విమానమున పంపు పద్ధతి వచ్చినది. లోహపు చట్రముల తొట్టెలు ఉప్పునీటికి త్రుప్పుపట్టి చేపలకు విషమగుచుండెడివి. 1960 దశకమున సిలికోన్ జిగురు వచ్చి, చట్రము లేకయే అద్దములను అతికించు వీలు కలిగినది. అదే దశకమున కృత్రిమ సముద్రలవణము సంచులలో అమ్మకమునకు వచ్చినది. నాలుగవది యంత్రము కాదు, ఒక ఊహ. 1961లో ఇండోనేషియా వాసియగు లీ చిన్ ఎంగ్ తన తొట్టెల పద్ధతిని ఒక అమెరికను పత్రికలో వివరించెను. సముద్రమునుండి తెచ్చిన, సూక్ష్మప్రాణులతో నిండిన రాళ్ళు, కొద్దిపాటి గాలిబుడగలు, మంచి వెలుతురు. అంతియే. పెద్ద యంత్రములు లేవు. నీటిని శుభ్రపరచు పనిని ఆ రాళ్ళలోని ప్రాణులకే ఆయన అప్పగించెను. నేటి పగడపు తొట్టెల పద్ధతికి పునాది అదియే.

సదుపాయములతోపాటు పాపమును వచ్చినది. 1960 దశకమునుండి ఫిలిప్పీన్సు జలములలో చేపలను మూర్ఛిల్లజేయుటకు పగడపు సందులలో సయనైడు చిమ్ముట ఆరంభమైనది. పట్టుబడిన చేపలలో అనేకములు తరువాత చచ్చెడివి. చుట్టునున్న పగడములు కూడ నశించెడివి. అందమును ఇంటికి తెచ్చుకొనుటకై దాని పుట్టినింటిని తగులబెట్టుట వంటిది ఇది. గాస్ గారి నాటి తీరముల కథ మరింత క్రూరముగా మరల జరిగినది.

ఈ దోషమునకు ప్రాయశ్చిత్తము కూడ విదూషక మత్స్యముతోనే మొదలగుట మాకు సంతోషకరముగా తోచును. సముద్రపు అలంకార మత్స్యములలో అధికభాగము గ్రుడ్లను నీటిలోనికి విడిచివేయును. అతిసూక్ష్మమగు ఆ పిల్లలను పెంచుట మిక్కిలి కష్టము. విదూషక మత్స్యము అట్లు కాదు. జంట ఒక రాతిని నోటితో శుభ్రముచేసి దానిపై గ్రుడ్లు పెట్టును. మగది రెక్కలతో నీరు విసరుచు, చెడిన గ్రుడ్లను ఏరివేయుచు కావలికాయును. సుమారు వారమునకు, చీకటిపడిన తరువాత, పిల్లలు వెలువడును. వాని తొలి మేత రోటిఫర్ అను అతిసూక్ష్మజీవి. దానిని మేతగా పెంచు విద్య జపానులో అభివృద్ధి చెందినది. 1970 దశకపు తొలి సంవత్సరములలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున మార్టిన్ మో అను శాస్త్రజ్ఞుడు ఈ చేపలను అమ్మకమునకు తగినంత సంఖ్యలో పెంచి చూపెను. నాటినుండి, సముద్రమును దోచకయే తొట్టిని నింపుకొను మార్గము తెరువబడినది.

2003లో 'ఫైండింగ్ నీమో' అను చలనచిత్రము వచ్చి ఈ చేపను ప్రపంచమందలి బాలబాలికలందరికి పరిచయము చేసినది. తొట్టిలో చిక్కిన పిల్లచేప సముద్రమునకు తిరిగిపోవుటయే ఆ కథ. దానిని చూచినవారు ఆ చేపకై అంగళ్ళకు పరుగెత్తిరని, సముద్రమున ఈ జాతి క్షీణించెనని పెద్ద ప్రచారము జరిగినది. తరువాత లెక్కలు పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఆ ప్రచారమునకు తగిన ఆధారము కనబడలేదని వ్రాసిరి. ఈ చేపకు నేడు చిత్రముకంటె పెద్ద గండము వేరొకటి కలదు. సముద్రము వేడెక్కినపుడు పగడములవలె అనిమోన్‌లును వెలవెలబోవుచున్నవి. సముద్రములో అనిమోన్ లేక ఈ చేపకు దిక్కులేదు.

మన దేశమునకు ఈ చరిత్రలో చోటు లేకపోలేదు. ఆంధ్రతీరము కూడ మదరాసు రాజధానిలో చేరియున్న కాలమున, 1909లో, మదరాసు సముద్రపు ఒడ్డున సముద్రజీవ ప్రదర్శనశాల తెరవబడెను. బొంబాయిలో తారాపోర్‌వాలా ప్రదర్శనశాల 1951లో వెలసినది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో స్థాపితమైనది. 2000 సంవత్సరమునకు తరువాత ఆ సంస్థ కేంద్రములలోను, పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయపు సముద్రజీవశాస్త్ర కేంద్రములోను విదూషక మత్స్యములను పెంచు విధానములు సిద్ధమైనవి. 2001లో మన దేశపు పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి పట్టికలో చేర్చిరి. కావున పగడములను, పగడపు రాళ్ళను మన సముద్రమునుండి పెళ్ళగించి తెచ్చుట నేరము. పెంపకశాలలో పుట్టిన చేప మాత్రము ఏ తీరమునకును లోటు చేయదు.

ఇదంతయు తెలిసికొన్న పిదప మేము మరల తొట్టి నింపితిమి. ఈమారు చేపలను తేలేదు. ఒక పచ్చి రొయ్య తునకను నీటిలో వేసి, అది కుళ్ళి అమోనియా పుట్టుటకును, సూక్ష్మజీవులు పెరుగుటకును కాచుకొంటిమి. దినము విడిచి దినము గొట్టములో కొంచెము నీరు తీసి, మందుచుక్కలు వేసి, రంగు చూచి గోడమీది క్యాలెండరుపై వ్రాసితిమి. ప్రక్కింటివారు వచ్చి, "చేపలు లేని తొట్టికి దీపమెందుకండీ? కరెంటు దండగ" అని నవ్విరి. ఆరు వారములు గడచినవి. అమోనియా లేదు, నైట్రైటు లేదు. అప్పుడు పెంపకశాలలో పుట్టిన రెండు పిల్లచేపలను తెచ్చితిమి. అనిమోన్‌ను తేలేదు; దానికి కావలసిన వెలుతురును, నిలుకడయగు నీటిని మేమింకను ఇయ్యజాలము. శత్రువులు లేని తొట్టిలో ఆ తోడు లేకయే ఈ చేప సుఖముగా బ్రదుకును.

ఆ రెండును నేటికిని ఉన్నవి. ఒకటి రెండవదానికంటె బాగుగ పెరిగినది. అదియే ఇల్లాలై ఉండవలెను. తొట్టెలలో ఈ జాతి చేపలు ఇరువది ఏండ్లకు మించి జీవించినవి కలవు. సముద్రమున దగ్గరి జాతి ఒకటి 30 ఏండ్ల వరకు బ్రదుకగలదని 2007లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. మా చిన్నమ్మాయి ఆ లెక్క విని వ్రేళ్ళు మడచి, "అయితే నేను ఉద్యోగం చేసేనాటికి కూడా ఉంటాయన్న మాట" అన్నది. తరువాత కొంచెము ఆలోచించి, "అప్పుడు నీళ్ళెవరు మారుస్తారు?" అని అడిగినది.

చేపను కొనదలచిన ప్రతివారును అంగడికి పోవుటకు ముందే వేసికొనవలసిన ప్రశ్న అదియే. ఎడింబరోలో అవ్వను ఒకరి తరువాత ఒకరు చేతులు మారి కాపాడినవారు దానికి జవాబు చెప్పిరి. కిటికీ ముందు నిలిచి ధార పోసిన పనిమనిషి జవాబు చెప్పినది. మా ఇంట ప్రతి ఆదివారము ఉదయమున నీరు మార్చు పని ఇపుడు అమ్మాయిది. స్పంజిని కుళాయి క్రింద పెట్టదు. తొట్టినుండి తీసిన పాత నీటిలోనే మెల్లగా పిండి మరల అమర్చును. అది చూచినవారు, మురికి నీటిలో కడుగుటయేమని అడుగుదురు. ఆమె వారిని కూర్చుండబెట్టి చెప్పును.